చావుకొమ్ముకే లేచే వంతెన

కుముదపురం చూసి వచ్చినవాళ్ళు కోట గురించి కాస్త, ఏనుగుల గురించి కాస్త చెప్పి, మిగిలిన పొద్దంతా జంటరెక్కల వారధి గురించే చెప్పేవారు. చెప్పరా మరి. నీలవేణీ నది సముద్రంలో కలవడానికి రెండు కోసుల ముందు, అవతలి ఒడ్డున మనిషి నిలబడితే ఆడో మగో తెలియనంత వెడల్పుగా పారే చోట, పదహారు నల్లరాతి స్తంభాల మీద నిలిచి ఉండేది అది. స్తంభానికొక మకరముఖం, మకరం నోట ఒక కంచుగంట. పిట్టగోడల నిండా హంసలు, హంసల మధ్య పద్మాలు, పద్మాల మీద ఎప్పుడో ఎవరో ఆనించిన మోచేతుల నునుపు. నట్టనడుమ మాత్రం రాయి ఆగిపోయి రెండు టేకు రెక్కలు ఉండేవి. వాటి అంచులకు ఇత్తడి తాపడం. రెక్కలకు అటొక బురుజు, ఇటొక బురుజు, బురుజుకు నాలుగేసి ఏనుగులు. అవి గానుగెద్దుల్లా చక్రం చుట్టూ తిరిగితే గొలుసులు బిగిసి, బరువురాళ్ళు కిందికి దిగి, రెక్కలు రెండూ విడిపోయి ఆకాశంలోకి లేచేవి. నావలు దాటిపోయాక మళ్ళీ వాలేవి.

రెక్కలతో పాటే లేచేది మరొకటి ఉంది. నది అడుగుదాకా వేలాడే ఇనుప జల్లెడ. శత్రువుల నావలకు భయపడి తాతలనాటి రాజులు వేయించినది. అది దిగి ఉన్నంతసేపు నీళ్ళలో చేపపిల్ల తప్ప మరేదీ వారధిని దాటలేదు.

ఆ రోజు నాలుగో జాము గంట కొట్టిన కాసేపటికి, పోటు మీద ఒక చేపల నావ వచ్చి ఆ జల్లెడ ముందు ఆగింది. నావలో ఇద్దరే ఉన్నారు. తెడ్డు వేస్తున్నవాడు గోచీ, నూనె మరకల తలపాగాతో అచ్చం జాలరిలాగే ఉన్నాడు గాని, వాడు కుముదపురం యువరాజు అరిందముడు. చుక్కాని పట్టిన ముసలివాడు సరంగు నూకయ్య. యువరాజు కాళ్ళ మధ్య మైనంతో మూత బిగించిన రాగిచెంబు, అందులో సముద్రపు నీళ్ళు, ఆ నీళ్ళలో ఒకే ఒక్క కడలిమల్లె ఉన్నాయి.

ఆ పువ్వు కోసమే అరిందముడు మూడు నెలలు సముద్రం మీద తిరిగాడు. మాంత్రికుడు ధూమ్రకేశుడు పగబట్టి యువరాజు తల్లి మహారాణి కాదంబినీదేవి మీద విషధూపం ప్రయోగించిన నాడే రాజవైద్యులు గడువు చెప్పేశారు. మూడో పౌర్ణమినాటి సూర్యాస్తమయం దాటితే రాణి దక్కదు. ఆ పౌర్ణమి ఆ రోజే. పగడపు దీవి అడుగున పూసే కడలిమల్లె పసరు నాలుక మీద పడితే దక్కుతుంది. అయితే ఆ పువ్వును నేల మీదుగా గాని, వంతెన మీదుగా గాని అడుగైనా మోయకూడదు, మోస్తే బూడిదైపోతుంది. నీటి దారినే తేవాలి. అందుకని రాణిని కోట అడుగున, నదిలోకి దిగే మెట్ల మీది జలమండపంలో పడుకోబెట్టి ఉంచారు. కోట వారధికి ఎగువన పావుకోసు దూరంలో ఉంది.

నది సముద్రంలో కలిసే మొగ దగ్గరే ధూమ్రకేశుడి మనుషులు రెండు దోనెల్లో అడ్డగించారు. యువరాజు కత్తికి ముగ్గురు నీళ్ళపాలయ్యారు. మిగిలినవాళ్ళు పారిపోతూ వేసిన బాణం నూకయ్య డొక్కలో దిగింది. ముసలివాడు బాణపు కర్ర విరిచి అవతల పారేసి, ములికిని లోపలే ఉంచుకుని, పైన తువ్వాలు బిగించి మళ్ళీ చుక్కాని పట్టాడు. ములికి కదపకపోతే రేపు పొద్దుటిదాకా ఫరవాలేదని, కదిపితే మాత్రం అరగడియేనని లెక్క కూడా తానే చెప్పాడు. అప్పటినుంచి ఒంటికన్ను రాబందొకటి వాళ్ళ నెత్తిమీదే తిరుగుతూ వచ్చింది. అది మామూలు పక్షి కాదని, ధూమ్రకేశుడు పంపినదని ఇద్దరికీ తెలుసు. ఇప్పుడది వారధి స్తంభం మీద రెక్కలు ముడుచుకుని కూర్చుంది.

జల్లెడ ముందు అప్పటికే నలభై నావలు లంగరు వేసుకుని ఉన్నాయి. ఉప్పు నావలు, కలప నావలు, ఎండుచేపల నావలు. ఎవరి ముఖంలోనూ తొందర లేదు. పక్కనున్న ఉప్పు నావవాడిని అడిగితే, రెక్కలు ఇక దీపాలు పెట్టాకేనని, కావాలంటే అంబలి ఉంది తాగమని అన్నాడు. పైకి చూపించాడు కూడా.

పైన వారధి మీద ఇసుక వేస్తే రాలేటట్టు లేదు. నగరంలోని నేతశాలలు, అద్దకపు పనిశాలలు, కంచరి కొలుములు నాలుగో జాము గంటకే మూతపడతాయి. పనివాళ్ళంతా కుడి ఒడ్డున ఉంటే, వాళ్ళ ఇళ్ళన్నీ ఎడమ ఒడ్డున ఉన్నాయి. నీలిమందు చేతులవాళ్ళు, బూడిద ముఖాలవాళ్ళు, ఖాళీ చల్లకుండలు నెత్తిన పెట్టుకున్న ఆడవాళ్ళు, గాడిదలు, ఎద్దుబండ్లు, పల్లకీలో ఉక్కపోసి తిట్టుకునే షావుకారు, అందరూ ఒకే దిక్కుకు పోతున్నారు. పొద్దున్నే ఇదే ప్రవాహం ఇటువైపు వస్తుంది. పొద్దునొకసారి, సాయంత్రమొకసారి ఆ రద్దీ తీరేదాకా నావలు ఆగాలి. రద్దీ లేని వేళల్లో శంఖం ఊదితే బండ్లు ఆగాలి. అదీ కట్టడి. ఇటు నావలవాళ్ళు తిట్టేవారు, అటు బండ్లవాళ్ళు తిట్టేవారు. ఇద్దరూ సమానంగా తిడుతున్నారంటే వంతెన సరిగా నడుస్తున్నట్టేనని వారధినాయకుడు మాచన అంటూ ఉండేవాడు.

సూర్యుడు ఎగువన కొండల మీద రెండు తాటిచెట్ల ఎత్తున ఉన్నాడు. అరిందముడు చెంబును నూకయ్య కాళ్ళ దగ్గరకు జరిపి, స్తంభానికి వేలాడే తాళ్ళనిచ్చెన పట్టుకుని పైకి ఎక్కాడు.

మాచన బురుజు మీద, ఎర్రగుడ్డ చేతిలో పట్టుకుని, కిందకి చూస్తూ నిలబడి ఉన్నాడు. యాభై ఏళ్ళవాడు, బక్కపలుచని మనిషి, నవ్వు మరిచిపోయిన ముఖం. జాలరి వేషంలోని మనిషి రెక్కలు లేపమంటే అటు తిరగను కూడా తిరగలేదు. అలాంటివాళ్ళు రోజుకు పదిమంది వస్తారు. అరిందముడు ఇక దాచి లాభం లేదనుకుని మొలలోంచి రాజముద్రిక తీసి ముందు పెట్టాడు. మాచన దాన్ని చూశాడు, ముఖం చూశాడు, ముద్రికను కళ్ళకద్దుకుని తిరిగి చేతిలో పెట్టాడు. సంగతంతా చివరిదాకా విన్నాడు. విని, కుదరదన్నాడు.

"ప్రభూ, ఆరేళ్ళ కిందట ఇదే వేళకు మీ తండ్రిగారి నావ వచ్చింది," అన్నాడు. "వేట నుంచి వస్తున్నారు. రాజాజ్ఞ అన్నారు, లేపాను. ముందున్నవాళ్ళు ఆగారు. వెనకున్నవాళ్ళకు ముందేం జరుగుతోందో ఎలా తెలుస్తుంది? నెట్టారు. అరవై ముగ్గురు పోయారు. నెట్టినవాళ్ళలో ఒక్క చెడ్డవాడు లేడు ప్రభూ. ఇంటికి పోదామని నెట్టారు."

భటులను పెట్టి జనాన్ని ఆపమన్నాడు యువరాజు. అదీ చూశామన్నాడు మాచన. నూరుమందిని బల్లేలతో నిలబెట్టారట. బల్లెం చూసి ముందువాడు ఆగుతాడు, వాడి వెనక ఇరవయ్యోవాడికి బల్లెం కనపడదు. చివరికి ముందువాడే బల్లేనికి గుచ్చుకుంటాడు.

"ఈ జనం ఒక్కదానికే ఆగుతారు," అన్నాడు మాచన, గోడకు వేలాడే నల్లటి కొమ్మును చూపించి. "చావుకొమ్ము. నదిమీద శవం వస్తోందంటే దానికి ఎదురు నడవకూడదని ఈ ఊళ్ళో ఉగ్గుపాలతో నేర్పుతారు. కొమ్ము వినపడగానే చిట్టచివరవాడు కూడా వెనక్కి నాలుగడుగులు వేస్తాడు. వంతెన వెనకనుంచి ఖాళీ అవుతుంది. అందుకే రద్దీ వేళ శవనావకు తప్ప, మరి దేవుడొచ్చినా నేను రెక్కలు లేపను."

"అయితే ఊదు. ఒక్కసారికి ఎవరికి తెలుస్తుంది?"

"అదిగో, గోడ మీదికి వంగి అందరూ శవానికి దండం పెడతారు. శవం లేదని ఒక్కసారి తెలిస్తే చాలు, ఇక ఈ కొమ్ముకు ఎవరూ ఆగరు. దొంగసరుకువాళ్ళు బతికున్నవాణ్ణి పడుకోబెట్టి రెండుసార్లు మోసం చేయబోయారు. అప్పటినుంచి అరికాలి మీద నిప్పు పెట్టి చూస్తున్నాను." మాచన కోట దిక్కుగా చేతులు జోడించాడు. "మహారాణి మా అందరికీ తల్లి. అయినా నేను లేపలేను. నా తల తీసేసి ఇంకొకడి చేత లేపించుకోండి ప్రభూ, అడ్డురాను."

అరిందముడి చెయ్యి మొలలోని పిడిబాకు మీదికి పోయింది. పోయిందని చెప్పుకోవాలి, అతను దేవుడేం కాదు. కాని అదే క్షణాన కింద ఒక చల్లమ్మే మనిషి కుండ జారి పగిలింది. ఆమె వంగి పెంకులు ఏరుకుంటుంటే వెనకనున్న బండి ఆగలేదు, ఆమె వేళ్ళు లాక్కోవడమే ఆలస్యం, చక్రం పెంకుల మీదుగా పోయింది. బండివాడు తప్పు తనది కాదన్నట్టు వెనక్కి చెయ్యి చూపించాడు. అతని వెనక ఇంకో బండి ఉంది. యువరాజు పిడిబాకు వదిలేసి నిచ్చెన దిగాడు.

నావలోకి దిగేసరికి కాలికి తడి తగిలింది. నూకయ్య చుక్కానికి వీపు ఆనించి కూర్చుని ఉన్నాడు. తువ్వాలు విప్పేసి ఉంది. బల్ల మీద, అతని పక్కనే, ముళ్ళున్న ఇనుప ములికి ఉంది.

"తీసేశాను బాబూ," అన్నాడు నూకయ్య. "ఉప్పు పడవోడు ఈ ఊరి సంగతంతా చెప్పాడు. నాయకుడు ఒప్పుకోడని కూడా చెప్పాడు."

అరిందముడు తలపాగా ఊడదీసి గాయం మీద అదిమాడు. ముసలివాడు ఆ చెయ్యి పట్టుకుని మెల్లగా పక్కకు తీసేశాడు.

"నువ్వు అదిమితే ఆలీసమవుద్ది. ఒకపూట ముందు పోతే నాకొచ్చే నష్టమేటి? రేపటి గంజి మిగులుద్ది." నవ్వబోయి దగ్గాడు. "నా మాటిను. రెక్కల కింద సుడి ఉంటాది. నడిమిన పోకు. కుడి స్తంభం వారగా, చెయ్యి చాపితే తగిలేంత దగ్గరగా పోనియ్. తెడ్డు లోతుగా వెయ్యకు."

నలభై ఏళ్ళు సరంగుగా బతికినవాడు, అతనికి చెప్పడానికి అంతకన్నా పెద్ద సంగతి ఏమీ లేదు. ఆ తరవాత మాట్లాడలేదు. ఊపిరి మాత్రం ఆడుతూనే ఉంది. సూర్యుడు ఒక తాడి ఎత్తుకు దిగాడు. పైన బండ్ల చప్పుడు ఆగడం లేదు. అరిందముడు అతని చెయ్యి పట్టుకుని కూర్చుని, ఒకసారి అతని ఛాతీ వైపు, ఒకసారి సూర్యుడి వైపు చూస్తున్నాడు. ఇంకా పోలేదేమని ఒక మాట మనసులోకి వచ్చింది. మూడు నెలలు తనకు వండిపెట్టినవాడు, తుఫానులో తన నడుముకు తాడుకట్టి కాపాడినవాడు, వాడి చావు కోసం తొందరపడుతున్నాడు తను. సిగ్గుతో చచ్చిపోయాడు. అయినా మళ్ళీ సూర్యుడి వైపే చూశాడు.

ఊపిరి ఆగిన తరవాత కూడా అరిందముడు కొంచెంసేపు లేవలేకపోయాడు. లేచి, బురుజుకేసి చెయ్యెత్తాడు.

మాచన నిప్పుల మూకుడుతో తానే దిగి వచ్చాడు. ముక్కు దగ్గర అద్దం పెట్టాడు, మసక పట్టలేదు. పటకారుతో కణిక తీసి నూకయ్య అరికాలి మీద పెట్టి, పది లెక్కపెట్టాడు. చర్మం కాలిన వాసన వచ్చింది గాని వేలు కదలలేదు. మాచన కళ్ళు బల్లమీది ములికి మీద ఆగాయి. కణికను నీళ్ళలో పడేసి, ముసలివాడి పాదాలకు దండం పెట్టాడు.

"ప్రభూ, ఒక్క షరతు ఉంది," అన్నాడు లేస్తూ. "శవనావ దాటగానే ఎడమ ఒడ్డున కాటిరేవుకు చేరాలి. చేరేదాకా జనం చూస్తూనే ఉంటారు. చేరలేదో, రేపటి నుంచి నా కొమ్ము పిల్లలు ఊదుకునే బూర అయిపోతుంది."

కోట కుడి ఒడ్డున ఉంది. అరిందముడు తల ఊపాడు. ఊపక ఏం చేస్తాడు.

చావుకొమ్ము మూడుసార్లు మోగింది. అది బర్రె అరుపులా మొదలై, ఏడుపులా సాగి, గాలిలో కలిసిపోయింది. మాచన చెప్పినట్టే జరిగింది. ఎక్కడో కుడి ఒడ్డున, నేతశాలల దగ్గర, చిట్టచివరి మనిషి ఆగి వెనక్కి అడుగు వేశాడు. అతని ముందరివాడు, ఆ ముందరివాడు. బండ్లవాళ్ళు ఎద్దుల ముకుతాళ్ళు లాగారు. నిండుకుండలా ఉన్న వారధి నడుమనుంచి రెండువైపులకూ తేటపడింది. ఒక్క కేక లేదు, ఒక్క బల్లెం లేదు. తలపాగాలు చేతుల్లోకి వచ్చాయి. ఏనుగులు కదిలాయి. గొలుసులు మూలిగాయి, ఇత్తడి అంచుల రెక్కలు విడిపోయి సాయంకాలపు ఎండలో ఎర్రగా పైకి లేచాయి. వాటి వెనకే నాచుతో, నీళ్ళతో, చిక్కుకున్న చింకి వలలతో ఇనుప జల్లెడ లేచింది.

అరిందముడు నూకయ్యను మధ్య బల్లమీద వెల్లకిలా పడుకోబెట్టి, కుడి స్తంభం వారగా నావను పోనిచ్చాడు. సుడి నడుమన గిర్రున తిరుగుతోంది. నావ దాని అంచును రాసుకుంటూ సరిగ్గా రెక్కల కిందికి వచ్చింది.

అప్పుడు స్తంభం మీది రాబందు లేచింది. కేక పెట్టకుండా, రెక్క ఆడించకుండా, నావ మీదికి వచ్చి నిలిచింది. దాని నీడ నూకయ్య ముఖం మీద పడింది. నూకయ్య కళ్ళు తెరుచుకున్నాయి. శవం నడుము వంచి బల్ల మీద లేచి కూర్చుంది.

పిట్టగోడ మీదికి వంగి దండం పెడుతున్నవాళ్ళు జోడించిన చేతులు దించేశారు. తరవాత ఎవరో లేచాడన్నారు. లేచాడన్న మాట వెనక్కి పోయేలోపే బతికే ఉన్నాడయ్యింది, ఇంకాస్త వెనక్కి పోయేసరికి మోసమయ్యింది. ఎవడో దొంగసరుకువాడి కోసం తమను ఆపారని అర్థమైంది అందరికీ. చూద్దామని కొందరు, కొడదామని కొందరు, పొద్దుపోయిందని కొందరు ముందుకు కదిలారు. వెనకున్నవాళ్ళకు ముందు గొయ్యి ఉందని తెలియదు. ముందువాళ్ళు గొయ్యి అంచున ఉన్న ఇనుప కటకటాలు పట్టుకుని కాళ్ళు తన్నిపెట్టారు. దూదిమూట మోసుకుపోతున్న మనిషి ఒకడు పట్టు తప్పి అంచుమీదినుంచి జారాడు. మూట తేలింది, మనిషి సుడిలో పడ్డాడు, మళ్ళీ కనపడలేదు. మాచన లెక్కలో అతను అరవై నాలుగోవాడు.

బురుజు మీద మాచన ఎర్రగుడ్డ పైకెత్తాడు. అది కిందికి దిగితే మావటీలు కొక్కేలు వదిలేస్తారు. రెక్కలు పడి గొయ్యి మూసుకుంటుంది, జల్లెడ పడుతుంది, దాని కింద నావ ఉంటుంది. ఆ గుడ్డ దిగుతుందని అరిందముడికి తెలుసు. తనైనా దింపేవాడే.

శవం రెండు చేతులూ చాపి చెంబు పట్టుకుంది. నూకయ్య నోరు తెరుచుకుని, నూకయ్యది కాని గొంతు మాట్లాడింది. "చెంబు వదులు రాకుమారా. వదిలితే వీణ్ణి పడుకోనిస్తాను."

అరిందముడు వలల కింద దాచిన కత్తి దూశాడు. పైనున్న రెండువేలమందికీ కనిపించేటట్టు బల్ల మీదికెక్కి నిలబడి, తనను కాపాడిన ఆ ముసలి గుండెల్లో పిడిదాకా దించాడు. దించుతూ ఏడ్చాడు. కత్తి లాగి రెండు చేతులతో పైకెత్తి, అటు ఒడ్డుకు, ఇటు ఒడ్డుకు తిప్పి చూపించాడు. కత్తి మీద చుక్క నెత్తురు లేదు. గుండెలో పడిన గాటు పొడిగా, చెక్కలో పడిన గాటులా ఉంది.

"నెత్తురు లేదు," అంది పైనుంచి ఒక ఆడగొంతు, పెద్దగా కూడా కాదు. "ఓరి నాయనోయ్, పీనుగే. దయ్యం పట్టిన పీనుగ."

ఆ మాట మోసమన్న మాటకన్నా వేగంగా వెనక్కి పరిగెత్తింది. భయం కోపాన్ని మించి పరిగెడుతుంది. కటకటాలు పట్టుకున్నవాళ్ళ వీపుల మీద ఒత్తిడి సడలింది. ఒక అడుగు, రెండడుగులు, పది అడుగులు జనం వెనక్కి తగ్గారు. ఎర్రగుడ్డ అలాగే పైన ఆగిపోయింది.

శవం చేతులు మాత్రం చెంబును వదల్లేదు. మైనం పగులుతోంది. అరిందముడు తలెత్తి రాబందును, తల దించి దాని నీడను చూశాడు. ప్రేత విద్యలన్నిటికీ ఒక తాడుంటుందని, దాన్ని తెంపితే చాలని చిన్నప్పుడు గురువు చెప్పిన పాఠం బుర్రలో మెరిసింది. కత్తి తిప్పి తెరచాప మోకు మీద వేశాడు. చాప మొత్తం కొయ్యమీదినుంచి జారి నూకయ్య మీద కప్పుకుపోయింది. నీడ చాప మీద పడింది, శవం మీద పడలేదు. చాప కింద కదలిక ఆగిపోయింది. రాబందు మనిషి గొంతుతో తిట్టి, కోట దిక్కుగా ఎగిరిపోయింది.

నావ రెక్కలు దాటింది.

ఎదర నది రెండు పాయలై ఉంది. ఎడమ పాయ చివర కాటిరేవు, పొగ, తెల్లబట్టల కాటికాపరులు. పోటు నీరు అటే లాగుతోంది. కుడివైపున, కూతవేటు దూరంలో, జలమండపం పాలరాతి మెట్లు గులాబీరంగు ఎండలో మెరుస్తున్నాయి. మెట్లమీద ఎవరో ఆడవాళ్ళు నుదుటికి చేతులడ్డం పెట్టుకుని నది వైపు చూస్తున్నారు. సూర్యబింబం అంచు కొండను తాకింది. ముందు కాటిరేవుకు పోయి తరవాత కోటకు రావడానికి పొద్దు లేదు.

కోటకే పోతే అడిగేవాడెవడూ లేడు. అరిందముడు ఒక్కసారి వెనక్కి తిరిగి చూశాడు. రెక్కలు ఇంకా ఆకాశంలోనే ఉన్నాయి. వాటికి అటూ ఇటూ పిట్టగోడల వెంట జనం నిలబడి, శవనావ ఎటు తిరుగుతుందోనని చూస్తున్నారు. రేపు పొద్దున వీళ్ళే మళ్ళీ ఈ వంతెన ఎక్కుతారు.

అతను చాప తొలగించి నూకయ్య కళ్ళు మూశాడు. చేతులు ఛాతీ మీద గాటు కనపడకుండా పెట్టి, పాదాలకు మొక్కాడు. చుక్కానిని ఎడమకు తిప్పి మోకుతో బిగించాడు. రాగిచెంబు మెడకు కట్టుకుని, మూత వేలితో తడిమి చూసుకుని, కుడివైపుకు దూకాడు.

పోటు నీరు ఎడమకే లాగుతోంది. పది బారలు ఈదాక తల తిప్పి చూశాడు. నడిపే మనిషి లేని నావ తెడ్డు లేకుండా, తొణకకుండా కాటిరేవు దారిన పోతోంది. వంతెన మీద ఒక్క ఎద్దు మెడగంట తప్ప చప్పుడు లేదు. ఇంటికి పోవలసినవాళ్ళు, పొయ్యి వెలిగించవలసినవాళ్ళు, అందరూ అలాగే ఆగి చేతులు జోడించి ఉన్నారు. మాచన ఎర్రగుడ్డ దించలేదు.

రెండు పాయల మధ్య ఇసుకదిబ్బ ఉంది. కోటకు కాపలాగా మూడు తరాలనుంచి మేపుతున్న మొసళ్ళు దానిమీద నోళ్ళు తెరుచుకుని పడి ఉన్నాయి. జలమండపానికి దారి దిబ్బను ఒరుసుకునే పోతుంది. నీళ్ళు కదిలిన చప్పుడుకు అన్నిటికన్నా పెద్దది నోరు మూసి, పొట్ట ఈడ్చుకుంటూ నదిలోకి జారింది. దాని వెనక మరో రెండు జారాయి. మెట్లమీది ఆడవాళ్ళు వెనక్కి పొమ్మని చేతులు ఊపడం మొదలుపెట్టారు. సూర్యుడు సగం దిగిపోయాడు. అరిందముడు పిడిబాకు పళ్ళ మధ్య కరుచుకుని, మొసళ్ళు మునిగిన వైపుకే బార వేశాడు.